వెండి జలపాతముల వనము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో పడమటి సముద్రపు టొడ్డున ఆరెగాన్ అను రాష్ట్రము కలదు. అందలి పోర్ట్‌లాండ్ నగర ప్రాంతమున నా కుమారుడు ఉద్యోగము చేయుచున్నాడు. నేను ప్రధానోపాధ్యాయ పదవి నుండి విరమించిన పిమ్మట ఒక వసంతకాలమున అచటికి పోయి మూడు మాసము లుంటిని. చూచిన వన్నియు వ్రాయబూనినచో పెద్ద గ్రంథమగును. ఒక్క దినమున చూచిన ఒక వనమును గూర్చి మాత్రమే మీకు చెప్పెదను.

ఆ దేశమున రక్షిత వనములలో ముఖ్యమైనవి రెండు విధములు. కేంద్ర ప్రభుత్వము పాలించునవి జాతీయ వనములు. ఆయా రాష్ట్ర ప్రభుత్వములు పాలించునవి రాష్ట్ర వనములు. వీనినే స్టేట్ పార్కు లందురు. పార్కనగానే పట్టణము నడుమ పూలమొక్కలు, కూర్చుండు బల్లలు గల తోట మీ మనస్సునకు తోచవచ్చును. ఇది యట్టిది కాదు. 9 వేల యెకరములకు మించిన దట్టమైన అడవి. పేరు సిల్వర్ ఫాల్స్. అనగా వెండి జలపాతములు. రాష్ట్ర రాజధానియగు సేలమ్ నగరమునకు తూర్పుగా సుమారు 20 మైళ్ళ దూరమున నున్నది. ఒక లోతైన లోయ వెంట పది జలపాతములను చూపుచు 7.2 మైళ్ళ కాలిబాట యొకటి కలదు.

మేము వేకువనే కారులో బయలుదేరితిమి. కుమారుడు, కోడలు, పదేండ్ల మనుమరాలు, నేను. ‘‘మామయ్యగారూ, అచట బాట జారును, ఈ బూట్లు తొడుగుకొనుడు’’ అని కోడలు రబ్బరు బూట్లు తెచ్చి ఇచ్చెను. బూట్లు తొడిగితిని గాని పంచె విడువలేదు. అందువలన కలిగిన ఫలము ముందు తెలియగలదు.

మొదట ఉత్తర జలపాతమును చూచితిమి. ఎత్తు 136 అడుగులు. ఎత్తు మాట కేమి, మన తలకోన జలపాతము దీనికంటె మిక్కిలి యెత్తైనది. ఇచటి వింత వేరు. నీరు పడుచోట కొండ లోపలికి దొలిచినట్లు పెద్ద గుహవలె నున్నది. బాట ఆ గుహలో నుండి, జలపాతమునకు వెనుకగా పోవును! పది జలపాతములలో నాలుగింటి వెనుక నిట్లు నడువవచ్చును. ముందు తెరవలె నీరు దిగుచుండగా, ఆ తెరకావల అడవి వణకుచున్నట్లు కనబడెను. ధ్వని యెంత పెద్దదనగా నా కుమారుడు చెవిలో నోరుపెట్టి చెప్పినను నాకు వినబడలేదు.

ఈ గుహ యెట్లేర్పడినది? సుమారు ఒకటిన్నర కోట్ల సంవత్సరములకు పూర్వము తూర్పున భూమి బీటలు వారి, కరగిన రాయి వరదవలె పొంగి ఈ ప్రాంతమును కప్పెను. అది చల్లారి గట్టి నల్లరాయి యయ్యెను. దీనిని బసాల్ట్ అందురు. మన ఆదిలాబాదు ప్రాంతపు పడమటి భాగమున నున్న నల్లరాయియు ఈ జాతిదే, కాని దానికి వయస్సు చాల హెచ్చు. ఇచట ఆ గట్టి రాతి క్రింద మెత్తని రాతిపొర యుండెను. నీటి తుంపురులకును, చలికాలమున పగుళ్ళలో గడ్డకట్టు మంచునకును ఆ మెత్తని పొర రాలిపోయెను. పైనున్న నల్లరాయి మాత్రము చూరువలె నిలిచెను.

ఆ చూరును తలయెత్తి చూచిన నా మనుమరాలు, ‘‘తాతయ్యా, రాతిలో గొట్టములున్నవి!’’ అని కేకవేసెను. (ఆమె యాడిన తెలుగు వేరు, నేను దానిని పుస్తకపు భాషలో వ్రాయుచున్నాను.) నిజముగనే పై రాతిలో గుండ్రని రంధ్రములు నిట్టనిలువుగా నుండెను. కరగిన రాయి ప్రవహించి వచ్చినపుడు అచట అడవి యుండెనట. రాయి చెట్లను చుట్టుకొనెను; చెట్లు కాలిపోయెను; అవి నిలిచిన చోటు ఖాళీగా మిగిలెను. చెట్టు లేదు గాని చెట్టు ముద్ర యున్నది.

అచటినుండి కారులో దక్షిణ జలపాతము కడకు పోయితిమి. ఇది 177 అడుగులు. దీని వెనుకను నడిచితిమి. గాలి యొక్కసారి మా వైపునకు తిరుగుటతో నా పంచె నిలువునా తడిసెను. కోడలు నవ్వును పెదవులలోనే దాచుకొనెను గాని మనుమరాలు దాచలేదు. క్రింద ప్రవాహములో బూడిదరంగు పిట్ట యొకటి రాతిపై నిలిచి మాటిమాటికి వంగి లేచుచు, ఉన్నట్లుండి నీటిలో మునిగి, అడుగున నడిచి, కొంత దూరమున తేలెను. పురుగులకై యట్లు చేయునట. జలపాతముల వెనుక గూడుకట్టుట దాని యలవాటు.

ఈ జలపాతము శిరోభాగమున 19వ శతాబ్ది చివర ఒక చిన్న ఊరు వెలసెను. అందలి వారి ముఖ్యవృత్తి చెట్లు కొట్టి, కోతమిల్లులలో పలకలు కోయుట. కొలది కాలములో కొండలు బోడివయ్యెను. తరువాత ఈ స్థలపు యజమాని రుసుము పుచ్చుకొని ప్రజలకు వినోదము చూపసాగెను. ఏమి వినోదమందురు? పాత కారులను పైనుండి త్రోసి క్రింద పడి బ్రద్దలగుట చూపుట! 1928లో ఆల్ ఫాసెట్ అను సాహసికుడు పడవలో కూర్చుండి ఈ జలపాతము మీదినుండి దూకెను. గాయపడెను గాని బ్రతికెను. ఇంత యందమైన చోట ఇట్టి చేష్టలకు జనము మూగుట నాకు చింత గొల్పినది; కాని మన తీర్థములలో జరుగునవి తలచుకొని నోరు మూసికొంటిని.

సమీపమున సిల్వర్టన్ అను ఊరిలో జూన్ డ్రేక్ అను ఛాయాచిత్రకారుడుండెను. ఆయన ఏండ్ల తరబడి బరువైన కెమెరాను మోసికొని ఈ లోయలో దిగి జలపాతముల చిత్రములు తీసి, ఈ చోటును కాపాడుడని అధికారులను వేడుచుండెను. దీనిని జాతీయ వనముగా చేయవలెనని ప్రయత్నము జరిగెను. 1926లో కేంద్ర ప్రభుత్వమువారు తిరస్కరించిరి. కారణమేమనగా, చుట్టును నరికిన చెట్ల మొద్దులే కనబడుచున్నవి, చూచుటకు అసహ్యముగా నున్నవి యని! జాతీయ వనము కాలేదు. 1933లో రాష్ట్ర వనమయ్యెను. 1935లో అధ్యక్షుడు రూజ్వెల్టు కాలమున కేంద్ర ప్రభుత్వమే చుట్టునున్న బోడినేలలను కొని కలిపెను. అవి పనులు దొరకని దినములు. సివిలియన్ కన్సర్వేషన్ కోర్ అను దళమున చేరిన యువకులు ఇచట బాటలు వేసిరి, రాతితోను దుంగలతోను విశ్రాంతి మందిరము కట్టిరి. వారి జీతము నెలకు 30 డాలర్లు. అందు సుమారు 25 డాలర్లు ఇంటికే పంపబడెడివి. ఆ మందిరము నేటికిని చెక్కుచెదరలేదు. నా పంచె ఆరినది దాని పొయ్యి యెదుటనే.

మధ్యాహ్నము దిగువ దక్షిణ జలపాతమును చూచి, గట్టు మీది బాటలో తిరిగి వచ్చుచుంటిమి. మోకాళ్ళు నొచ్చి నేనొకచోట కూర్చుంటిని. నా ప్రక్క నాచుపట్టిన పెద్ద మొద్దు. దాని ప్రక్కలలో పిడికిలి దూరునంతటి గాడి యుండెను. పూర్వము చెట్టు మొదలు మిక్కిలి లావుగా నుండుటచే, కొట్టువారు గాడి చేసి, అందు పలక దూర్చి, పలకపై నిలిచి పైభాగమున ఱంపము లాగెడివారట. ఆ మొద్దు తలపై విత్తు పడి మొలచిన హెమ్లాక్ చెట్టొకటి నిలిచియున్నది. దాని వ్రేళ్ళు మొద్దును కౌగిలించి నేలకు దిగినవి. ఏ మొద్దులను చూచి అధికారులు ఏవగించుకొనిరో ఆ మొద్దులే పిల్లచెట్లకు తడి నిచ్చి పెంచినవి.

నేను చాలసేపు లేవలేదు. మా యూరి చెంత ఒక గుట్ట కలదు. నా బాల్యమున అది పచ్చగా నుండెడిది. కట్టెలకును బొగ్గులకును దానిని నరికిరి. దాని నుండి పారు వాగు ఎండెను. ‘‘నరికిన గుట్ట చచ్చిన గుట్ట’’ అని ముప్పది యేండ్లు తరగతిలో చెప్పితిని. మనుమరాలికి ఆ సంగతి చెప్పగా ఆమె, ‘‘అచట మొద్దులున్నవా, తాతయ్యా?’’ అని యడిగెను.

‘‘చూడలేదు, తల్లీ.’’

‘‘చూడకయే చచ్చినదని చెప్పితివా?’’

నా కుమారుడు ఆమెను మందలింపబోయెను. నేను వారించితిని.

ఆరెగాన్‌లో వాన సమృద్ధి. మా గుట్టకు అంత భాగ్యము లేదు. కాని అచటి దేవదారుజాతి వృక్షములు మొద్దునుండి చిగురింపవు, విత్తనమే మొలవవలెను. మన మోదుగ, తునికి నరికిన చోటనే తిరిగి చిగుర్చును. స్వదేశమునకు వచ్చిన నెలలో, వానలు పడిన పిదప, చేతికఱ్ఱ పట్టుకొని గుట్ట యెక్కితిని. చిగిర్చిన మోదుగ మొద్దులు 11 కనబడినవి. మేకలు కొరికివేసిన వానిని విడిచితిని. లెక్క మనుమరాలికి వ్రాసితిని.

ఆమె ప్రత్యుత్తరము రెండు పంక్తులు. ‘‘మేకలు కొరికినవి కూడ బ్రతికియే యున్నవి కదా, తాతయ్యా. మరల పోయి లెక్కపెట్టుము.’’