మానేసినవాడి గురించి ఫోనొస్తే

పనిలో దిట్ట, మనిషితో మాత్రం వేగలేం. ఇలాంటివాడు మానేసి వెళ్లాక కొత్త కంపెనీ ఫారంలో రిఫరెన్స్ కింద మన పేరు రాస్తే ఏం చేయాలి? దేనికీ పనికిరానివాడి విషయంలో ఇంత ఆలోచన అక్కర్లేదు, వాడు మన పేరు రాయడు. మంచివాడి విషయంలో అసలే అక్కర్లేదు. ఈ మధ్యలోవాడే మన వ్యక్తిత్వానికి పరీక్ష పెడతాడు.

మాది జంషెడ్‌పూర్. ఖర్కాయి నది దాటితే ఆదిత్యపూర్. అక్కడ నాకో చిన్న మెషీన్ షాపు ఉంది. నాలుగు లేత్‌లు, డ్రిల్లింగ్ మెషీన్లు, లారీలకు వెళ్లే విడిభాగాలు. ఇన్‌స్పెక్షన్ చూసే కుర్రాడొకడు ఉండేవాడు. శ్రీకాకుళం నుంచి వచ్చి కద్మాలో స్థిరపడ్డ కుటుంబం. మైక్రోమీటర్ పట్టుకుంటే తిరుగులేదు, నోరు విప్పితే షాపులో సగం మందికి పని మీద మనసు పోయేది. చివరికి సూపర్‌వైజర్‌తో పెద్ద గొడవపడి, జీతం లెక్క తేల్చుకుని వెళ్లిపోయాడు. పీడ విరగడైందనుకున్నాను. కొన్నాళ్లకు పుణేలోని ఒక కంపెనీకి నా నంబరు ఇచ్చాడని తెలిసింది. ఆ వారమే బిష్టుపూర్ రామమందిరం దగ్గర వాళ్ల నాన్న ఎదురయ్యాడు. “మావోడికి నోటి దురుసే గానీ మనసులో ఏమీ ఉండదు బాబూ. నాలుగు మంచి మాటలు చెప్పండి, వాడి బతుకు నిలబడతాది” అన్నాడు.

ఇక్కడ నా బలహీనత గురించి చెప్పాలి. ఎదురుగా నిలబడి అడిగితే నేను కాదనలేను. గుడి మెట్ల మీద పెద్దాయన చేతులు పట్టుకుంటే కరిగిపోతాను. అదే నేను, ముఖం కనపడని మనిషి ఫోన్ చేసి “అతని ప్రవర్తన ఎలా ఉండేది సర్?” అని మెత్తగా అడిగితే, కడుపులో దాచుకున్నదంతా కక్కేయగలను. మంచితనం, అక్కసు, రెండూ నాలో పక్కపక్కనే కాపురముంటాయి. ఏది ముందు తలుపు తీస్తుందో నాకే తెలియదు. ఇప్పటికీ అంతే. వయసుతోపాటు ఇది తగ్గుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

మీరూ అంతేనా? అయితే కాస్త కటువుగానే చెబుతాను. మొహమాటానికి మంచి చెప్పడం దయ కాదు, మన బరువును ఊరూపేరూ తెలియని మనిషి నెత్తిన దించడం. అమెరికాలోని కాలిఫోర్నియాలో ఒక పాఠశాల అధికారి మీద ఫిర్యాదులున్నాయని తెలిసీ పాత యాజమాన్యాలు అతణ్ని ఆకాశానికెత్తుతూ ఉత్తరాలిచ్చాయి. కొత్త బడిలో ఒక బాలిక అతని చేతిలో వేధింపుకు గురైంది. అలాంటి పొగడ్త రాసినవారిని కూడా బాధ్యులుగా నిలబెట్టవచ్చని 1997లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. నా కుర్రాడి తప్పులకూ దానికీ పోలికే లేదు, నిజమే. కానీ ‘మనకెందుకు, నాలుగు మంచి మాటలేగా’ అనే ఆలోచన మాత్రం రెండుచోట్లా ఒకటే.

ఇక అక్కసు సంగతి. ఇంగ్లండులో స్ప్రింగ్ అనే బీమా ఉద్యోగి గురించి పాత సంస్థ అతనికి నిజాయితీ లేదన్నట్టు రాసి పంపింది. పాపం, అతనికి ఉద్యోగం రాలేదు. రిఫరెన్స్ రాసేటప్పుడు ఆ ఉద్యోగి పట్ల తగిన జాగ్రత్త తీసుకోవడం యజమాని బాధ్యత అని 1994లో హౌస్ ఆఫ్ లార్డ్స్ చెప్పింది. మన దేశంలో పరువునష్టం సెక్షన్ కింద, అంటే పాత శిక్షాస్మృతిలో 499, ఇప్పుడు న్యాయసంహితలో 356 కింద, నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ ఒకటుంది. ఒక దుకాణదారు తన గుమాస్తాతో, ఫలానావాడి నిజాయితీ మీద నాకు నమ్మకం లేదు, రొక్కం ఇస్తేనే సరుకు ఇవ్వు అంటాడు. తన వ్యాపారాన్ని కాపాడుకోవడానికి సద్బుద్ధితో అన్నాడు కాబట్టి అది నేరం కాదంటుంది చట్టం. ఇందులో తూకమంతా ఆ ‘సద్బుద్ధి’ మీదే ఉంది. ఫోనెత్తే ముందు అది మనలో ఉందో లేదో తడిమి చూసుకోవాలి.

తడిమి చూసుకోవడానికి నేను పాటించే పద్ధతి ఒకటుంది. మిగతా సలహాలన్నీ మరిచిపోయినా ఫరవాలేదు, ఇదొక్కటి పట్టుకోండి.

ఒక తెల్ల కాగితం తీసుకుని మధ్యలో నిలువుగా గీత గీస్తాను. ఎడమవైపు ‘చూసింది’, కుడివైపు ‘అనిపించింది’. అతని గురించి మనసులోకి వచ్చిన ప్రతిదాన్నీ ఏదో ఒక వైపు రాయాలి. మొదట్లో కలం కుడివైపుకే పరుగెత్తుతుంది. పొగరు. లెక్కలేనితనం. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకం. నలుగురితో కలవడు. రాస్తుంటే భలే హాయిగా ఉంటుంది, రాసేయండి, ఎవరికీ చూపించనక్కర్లేదు. ఆ తరువాత ఒక్కో మాట దగ్గరా ఆగి, ‘ఎప్పుడు? ఎక్కడ? ఏం చేశాడు?’ అని అడగండి. జవాబు దొరికితే దాన్ని ఎడమవైపు రాయండి. దొరక్కపోతే ఆ మాట కొట్టేయండి.

‘పొగరు’ దగ్గర ఆగితే నాకు దొరికింది ఇది: పదిమంది ముందు సూపర్‌వైజర్‌ను “నీకు వెర్నియర్ చదవడం వచ్చా?” అన్నాడు. అది ఎడమవైపుకు వెళ్లింది. ‘లెక్కలేనితనం’ దగ్గర: పొద్దున ఆరింటి షిఫ్టుకు తరచూ ఆలస్యం, హాజరు పుస్తకమే సాక్ష్యం. అదీ ఎడమవైపే. ‘వాసాలు లెక్కపెట్టడం’ దగ్గర ఎంత వెతికినా ఏమీ లేదు. పైగా ఒక సంఘటన గుర్తొచ్చింది. నెలాఖరు, లారీ గేటు దగ్గర నిలబడి ఉంది, బోరు కొలతలో తేడా ఉందని ఈ కుర్రాడు ఒక లాట్ మొత్తం ఆపేశాడు. “ఈసారికి పంపించెయ్” అని నేనే అన్నాను. “మీరు పంపుకోండి సార్, నేను సంతకం పెట్టను” అన్నాడు. ఆ రోజు ఒళ్లు మండింది. కాగితం మీద అదే సంగతి ఎడమవైపు రాస్తే వేరుగా కనిపించింది. ఇన్‌స్పెక్టర్ అనేవాడు చేయాల్సిన పని అదే. నేను పొగరంటూ వచ్చినదాంట్లో సగం ఆ నెలాఖరు మీద నాకున్న కోపమే.

ఇది నేను కనిపెట్టిన విద్య కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా వైమానిక దళంలో ఫ్లానగన్ అనే మనస్తత్వవేత్త బృందం పైలట్ శిక్షణలో తప్పినవారి నివేదికలు తిరగేసింది. నైజం సరిపడదు, సహజమైన నేర్పు లేదు వంటి మాటలే కనిపించాయి, వాటితో ఎవరూ చేయగలిగిందేమీ లేదు. అందుకే అభిప్రాయాలు పక్కనబెట్టి జరిగిన సంఘటనలు రాయమనే పద్ధతి తెచ్చారు. 1954లో ఆయన దాని మీద వ్యాసం అచ్చువేశాడు. అంతకు ముందే, 1920లో థార్న్‌డైక్ అనే మనస్తత్వవేత్త ఇంకో సంగతి గమనించాడు: సైన్యంలో అధికారులు కిందివారికి మార్కులు వేసేటప్పుడు ఒక గుణం నచ్చితే సంబంధం లేని గుణాలకూ ఎక్కువ వేసేవారట. నచ్చకపోయినా అంతేనని వేరే చెప్పాలా? ఎక్స్.ఎల్.ఆర్.ఐ. ఉన్న ఊరు మాది, 1949 నుంచి సిబ్బంది వ్యవహారాలు పాఠం చెబుతున్న చోటు. ఇక్కడ పాన్ డబ్బా దగ్గర నిలబడ్డా ఇలాంటి ముక్కలు చెవిన పడతాయి. వినడం సులువే, గీత గీయడమే కష్టం.

కాగితం పూర్తయ్యాక ఎడమవైపున్నది అతనికే చదివి వినిపించగలనా అని చూసుకుంటాను. వినిపించలేనిది ఫోన్‌లోనూ చెప్పను. ఈసారి నిజంగానే ఫోన్ చేసి వినిపించాను.

“పని గురించి మంచే చెబుతాను. గొడవల గురించి అడిగితే దాచను.”

కాసేపు మాట్లాడలేదు. “సూపర్‌వైజర్ సంగతి కూడానా సార్?”

“అడిగితే అదీ చెబుతాను. వద్దనుకుంటే నా పేరు తీసేయ్, ఏమీ అనుకోను.”

“ఉంచండి సార్. వేరేవాళ్లు ఇంకా ఎక్కువ చెబుతారు.”

పుణే కంపెనీ నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. అన్నీ అడిగాక ఆ అమ్మాయి చివరి ప్రశ్న వేసింది: “మళ్లీ తీసుకుంటారా?” అందరూ తడబడేది ఇక్కడే. పామూ చావకుండా కర్రా విరగకుండా ఏదో గొణుగుతారు. ఆ గొణుగుడే అవతలివాళ్లకు ‘వద్దు’ అని వినిపిస్తుంది. నేను “ఇన్‌స్పెక్షన్ పనికైతే రేపే తీసుకుంటాను, పదిమందిని నడిపించే పని మాత్రం ఇవ్వను” అన్నాను. ఎందుకని అడిగితే రెండు సంఘటనలు చెప్పాను, లాట్ ఆపిందొకటి, వెర్నియర్ మాట ఇంకొకటి. ఉద్యోగం ఇచ్చారు. నా మాట వల్లే ఇచ్చారనుకునే వెర్రి నాకు లేదు. ఎనభై అయిదేళ్ల పరిశోధనలను కలిపి చూసిన 1998 నాటి సమీక్ష ఒకటి, మనిషి ఎలా పనిచేస్తాడో ఊహించడంలో రిఫరెన్సుల కంటే, ఆ పనే చేయించి చూసే పరీక్షలు చాలా మెరుగని చెప్పింది. కాబట్టి ఒకడి జాతకం మన నాలుక మీద ఉందని విర్రవీగకండి, భయపడనూ వద్దు.

మిగతావి చకచకా చెప్పేస్తాను. ఫోనొచ్చిన వెంటనే మాట్లాడకండి, పేరు, కంపెనీ రాసుకుని మీరే తిరిగి చేయండి. రోగాలు, కులం, ఇంటి గొడవలు, యూనియన్ సంగతులు ఎత్తకండి. దొంగతనం అనుమానమే తప్ప రుజువు లేకపోతే ఆ ఊసే వద్దు. చెప్పడానికి ఏమీ లేదనుకుంటే తేదీలు, హోదా మాత్రం చెప్పి ఆగిపోండి, అయితే అందరి విషయంలోనూ అలాగే చేయండి. రిఫరెన్స్ ఇవ్వకూడదనుకుంటే ఆ మాట ముందుగా అతనికే చెప్పండి, ఆశపెట్టి గొంతు కోయకండి. వాట్సాప్‌లో రాయకండి. కోపంగా ఉన్న రోజు అసలే వద్దు.

మంచి మాట చెప్పాలా వద్దా అన్నది మన ఇష్టం. పనిచేశాడన్న కాగితం ఇవ్వడం మాత్రం మన ఇష్టం కాదు. 2025 దాకా అమలులో ఉన్న 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టం కింద చేసిన మాదిరి నియమాలు, పర్మనెంట్ కార్మికుణ్ని డిస్మిస్ చేసినా సరే సర్వీస్ సర్టిఫికెట్‌కు హక్కుదారుడేనన్నాయి. చిన్న షాపులకు ఆ నియమాలు వర్తించి ఉండకపోవచ్చు, ధర్మం వర్తించదా? ఈ ఊరి ఉక్కు కర్మాగారం 1912లో ఎనిమిది గంటల పనిదినం పెట్టింది, 1920లో ప్రావిడెంట్ ఫండ్, 1937లో గ్రాట్యుటీ తెచ్చింది. గేటు దాటి వెళ్లిపోయేవాడికీ మనం కొంత బాకీ అని ఇక్కడివాళ్లకు కొత్తగా నేర్పక్కర్లేదు. అయినా ఆదిత్యపూర్‌లో నాకు తెలిసిన యజమానుల్లో, పోట్లాడి వెళ్లినవాడి సర్టిఫికెట్‌ను కక్షకొద్దీ తొక్కిపెట్టినవారున్నారు. మీ బల్ల సొరుగులో అలాంటి కాగితం ఏదైనా ఉంటే, రేపు పొద్దున్నే సంతకం పెట్టి పంపించేయండి. రిఫరెన్స్ సంగతి తరువాత ఆలోచిద్దురుగాని.