దూరపు తారల చదువు గురించి మేనల్లుడికి

ధవళేశ్వరం



ఖగోళశాస్త్రం చదవాలని సంకల్పించిన చిరంజీవి, ఇంతవరకు చూసినవాటిలో అత్యంత దూరాన పేలిన నక్షత్రం ఏదని అడగడం సంతోషించదగినదే గాని, ఆ ప్రశ్నకు జవాబు కొన్నేళ్లకోసారి మారిపోతూ ఉంటుంది కనుక, ఆ దూరాన్ని ఎలా కొలిచారన్న ప్రశ్నను ముందు వేసుకోవడం మేలు. ఇంధనం అయిపోయిన భారీ నక్షత్రపు గర్భం కుప్పకూలినప్పుడు గాని, శ్వేత కుబ్జ తార అణుదహనంతో బద్దలైనప్పుడు గాని వెలువడే మహా విస్ఫోటాన్ని సూపర్‌నోవా అంటారు. దాని కాంతి మన దగ్గరకు వచ్చేలోగా విశ్వం వ్యాకోచిస్తుంది కాబట్టి ఆ కాంతి తరంగాలు సాగి ఎరుపు వైపు జరుగుతాయి. ఆ జరుగుబాటునే అరుణ విస్థాపనం, వాడుకలో రెడ్‌షిఫ్ట్ అంటారు.

దాన్ని కొలిచే సాధనం, కాంతిని రంగులుగా విడదీసి చూపే వర్ణపటం. ఆ విద్య తెలుగునేలకు కొత్తది కాదు: 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని గుంటూరులో జాన్సెన్, మచిలీపట్నంలో పోగ్సన్ అనే ఖగోళశాస్త్రజ్ఞులు వర్ణపటదర్శినితో పరిశీలించారు, నాటి పరిశీలనల్లో కనబడిన పసుపు గీత హీలియం అనే మూలకానిదని తరవాత తేలింది. నేటికీ సూపర్‌నోవాలను తరగతులుగా విడదీసేటప్పుడు వర్ణపటంలో హీలియం గీతలున్నాయా లేదా అన్నది ఒక గీటురాయి.

ఇక వెతకడం ఎలాగంటే, ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు గాని, వరద పెరుగుతోందో తగ్గుతోందో ఆ ఒక్క అంకె చెప్పదు, అంతకుముందటి రీడింగులు పక్కన ఉండాలి. ఆకాశం విషయంలోనూ అంతే, అదే చోటి పాత చిత్రాన్ని కొత్త చిత్రం నుంచి తీసివేయగా మిగిలిన చుక్కే సూపర్‌నోవా కావచ్చు. 2012లో ఖగోళశాస్త్రజ్ఞుడు జెఫ్ కుక్ బృందం ఇలాగే పాత సర్వే చిత్రాలను ఒకదానిపై ఒకటి కలిపి పరిశీలించి, రెడ్‌షిఫ్ట్ 3.90 వద్ద ఒక విస్ఫోటాన్ని గుర్తించింది. 2022, 2023 సంవత్సరాల్లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు తీసిన చిత్రాలను పోల్చగా సుమారు 80 సూపర్‌నోవాలు బయటపడ్డాయి. అందులో ఒకటి విశ్వం వయసు 180 కోట్ల ఏళ్లుగా ఉన్నప్పటిది.

వాటన్నిటినీ దాటిన ఘటన 2025లో కనబడింది. మార్చి 14న స్వోమ్ ఉపగ్రహం ఒక గామా కిరణ విస్ఫోటాన్ని, అంటే భారీ నక్షత్రం కూలినప్పుడు సూపర్‌నోవాకు ముందుగా వెలువడే మెరుపును పసిగట్టగా, చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోపు దాని అనంతర కాంతిని పరిశీలించి రెడ్‌షిఫ్ట్ సుమారు 7.3 అని తేల్చింది. అంటే కాంతి బయలుదేరినప్పుడు విశ్వం వయసు 73 కోట్ల ఏళ్లే. విశ్వ వ్యాకోచం కాంతినే కాదు, కాలాన్ని కూడా, రెడ్‌షిఫ్ట్‌కు ఒకటి కలిపితే వచ్చే 8.3 రెట్లు సాగదీస్తుంది: 500 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతి 4,150 నానోమీటర్ల పరారుణ కాంతిగా చేరుతుంది; జూలై 1న వెబ్ టెలిస్కోపు ఆ విస్ఫోటపు చోటును చూసేనాటికి భూమ్మీద దాదాపు 110 రోజులు గడిచినా, పేలిన చోట గడిచినవి 13 రోజులే. సూపర్‌నోవా వెలుగు పతాకస్థాయికి చేరే సమయాన్ని ఈ లెక్కతోనే ముందుగా అంచనా వేసుకుని కాచుకున్నారు. ఇది ఆ దూరం కన్నా మెచ్చదగిన సంగతి. ఇక్కడ దూరాన్ని చెప్పింది సూపర్‌నోవా సొంత వర్ణపటం కాదు, విస్ఫోటపు అనంతర కాంతి. పత్రికలు రికార్డు అని రాసినప్పుడు ఈ తేడాను విద్యార్థి అడిగి తెలుసుకోవాలి.

అందువల్ల చిరంజీవి డిగ్రీలో భౌతికశాస్త్రంతోపాటు గణాంకశాస్త్రాన్ని వదలకుండా, పైథాన్‌లో చిత్రాల తీసివేత నేర్చుకోవాలి. టెలిస్కోపు దగ్గరకు వెళ్లే అవకాశం ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది; వెబ్ టెలిస్కోపు చిత్రాల్లో చాలా భాగం మాత్రం ఇప్పటికే అందరికీ ఉచితంగా దొరుకుతోంది. వచ్చే సెలవులకు ఇంటికి వచ్చేలోగా ఒకే చోటివి రెండు చిత్రాలు దించుకుని, ఒకదాని నుంచి మరొకటి తీసివేసి, మిగిలిన చుక్కల్లో ఏవి కెమెరా లోపాలో ఏవి కావో విడదీసి తీసుకురావలసింది.