ముందు పని, తరువాత పనిముట్టు

కళాశాలలో ఏ పనీ ఒక్కరి చేతి మీదుగా పూర్తి కాదు. ప్రవేశాలు, పరీక్ష ఫీజులు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు, గ్రంథాలయపు లెక్కలు, చివరకు ఈ వార్షిక సంచిక కూడా పలువురి చేతులు మారి పూర్తి కావలసినవే. ఒకరు చేసిన పని మరొకరికి అంది, అక్కడి నుండి ఇంకొకరికి చేరి, తుదకు ఫలితంగా మారే ఈ వరుసనే కంప్యూటర్ పరిభాషలో ‘వర్క్‌ఫ్లో’ అంటున్నారు. తెలుగులో ‘పని నడక’ అని చెప్పుకొంటే అర్థం చెడదు. ఈ నడకను సులభం చేయటానికి, అందులోని కొన్ని అడుగులు వాటంతట అవే పడేటట్లు చూడటానికి నేడు ఎన్నో సాఫ్ట్‌వేర్ సాధనాలు లభిస్తున్నాయి. వాటిలో దేనిని ఎన్నుకోవాలన్నది విద్యాసంస్థలలోను, చిన్న వ్యాపార సంస్థలలోను తరచుగా వినవచ్చే ప్రశ్న.

ప్రశ్న సమంజసమైనదే కాని, అది మొదటి ప్రశ్న కాదని మా అభిప్రాయం. పని ఏ అడుగుల మీదుగా నడుస్తున్నది? అది ఎక్కడ ఆగుతున్నది? ఈ రెండింటికి సమాధానం తెలిసిన తరువాతనే మూడవదైన సాధనం ప్రశ్నకు అర్థం కలుగుతుంది. ఈ క్రమం తలక్రిందులైతే కలిగేది ధననష్టం మాత్రమే కాదు. మనవంటి కళాశాలలో ఒక స్కాలర్‌షిప్ దరఖాస్తు ఒక బల్ల మీద గడువు దాటేవరకు ఉండిపోతే, ఒక విద్యార్థి చదువే ఆ సంవత్సరం ఆగిపోవచ్చు. అందుచేత ఈ విషయాన్ని కామర్స్, కంప్యూటర్ విద్యార్థులకు ఒక పాఠంగాను, కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవిగాను ఇక్కడ వివరించదలచాము.

పాత ఆలోచన, కొత్త తెర

పని నడకను కంటికి కనబడేటట్లు చేయాలనే ఆలోచన కంప్యూటర్ల కంటె పాతది. 1910వ దశకంలో అమెరికా ఇంజనీరు హెన్రీ గాంట్ ఏ పని ఏ రోజున మొదలై ఏ రోజున ముగియాలో గీతలతో చూపే పటాలను ప్రచారంలోకి తెచ్చాడు. అవి నేటికీ ఆయన పేరుతోనే వ్యవహరింపబడుతున్నాయి. 1950వ దశకంలో జపానులోని టయోటా కర్మాగారంలో తైచీ ఓనో ‘కాన్‌బాన్’ అనే చీటీల పద్ధతిని నెలకొల్పాడు. తరువాతి విభాగం నుండి చీటీ వస్తేనే ముందు విభాగం ఆ భాగాన్ని తయారు చేయాలి. చీటీ రానిదే తయారీ లేదు. దీనివలన అవసరానికి మించిన సరుకు గుట్టలుగా పడి ఉండటం తగ్గింది.

1979లో వెలువడిన విసికాల్క్ అనే ప్రోగ్రాం లెక్కల పట్టికను కంప్యూటర్ తెర మీదికి తెచ్చింది. 2011లో వచ్చిన ట్రెల్లో వంటి సాధనాలు చీటీల పలకను తెర మీదికి తెచ్చాయి. ఇక్కడ ఒక విషయం గమనింపదగినది. ఓనో పద్ధతిలోని బలం చీటీలో లేదు, చీటీ లేనిదే పని మొదలుపెట్టరాదనే నియమంలో ఉన్నది. నేడు అనేక బృందాలు తెర మీద రంగురంగుల చీటీలను అతికించుకొని, నియమాన్ని మాత్రం విడిచిపెడుతున్నాయి. అప్పుడు పలక నిండుతుంది కాని పని ముందుకు సాగదు.

బృందానికి ఇటువంటి ఉమ్మడి పలక ఎందుకు కావాలో చిన్న లెక్క చెబుతుంది. నలుగురున్న బృందంలో ఇద్దరిద్దరి మధ్య మాటలు సాగే దారులు 6. పదిమంది ఉంటే ఆ దారులు 45 అవుతాయి. మనుషులు రెండున్నర రెట్లు పెరిగితే, దారులు ఏడున్నర రెట్లు పెరిగాయన్నమాట. ఏ కాగితం ఎవరి దగ్గర ఉన్నదని ప్రతివారూ ప్రతివారినీ అడిగే బదులు అందరూ ఒకేచోట చూసుకొనగలిగితే ఈ భారం తగ్గుతుంది. వాట్సాప్ గ్రూపు ఈ అవసరాన్ని తీర్చలేదు. అక్కడ ఉదయం వచ్చిన ముఖ్యమైన మాట సాయంత్రానికి శుభాకాంక్షల క్రింద పడిపోతుంది. పైగా ఆ మాట ఎవరి బాధ్యతో అందులో వ్రాసి ఉండదు.

పనిని కాగితం మీద పెట్టుట

సాధనాన్ని వెదకటానికి ముందు పని నడకను కాగితం మీద వ్రాయాలి. స్కాలర్‌షిప్ పనినే తీసుకొందాము. విద్యార్థి ఆన్‌లైన్‌లో దరఖాస్తు నింపుతాడు. పత్రాల నకళ్ళు కార్యాలయంలో ఇస్తాడు. గుమాస్తా వాటిని సరిచూస్తారు. లోపముంటే విద్యార్థికి కబురు చేస్తారు. లోపం సరిదిద్దిన తరువాత ప్రిన్సిపాల్ గారి ఆమోదంతో దరఖాస్తు సంబంధిత శాఖకు వెళుతుంది. ప్రతి అడుగు ఎదుట నాలుగు విషయాలు వ్రాయవలెను: ఆ అడుగు ఎవరిది, వారి చేతికి ఏమి వస్తుంది, వారి చేతి నుండి ఏమి వెళుతుంది, ఎన్ని రోజులలో వెళ్ళాలి.

ఇలా వ్రాసినప్పుడు ఏదో ఒక గడి ఖాళీగా మిగలటం సాధారణం. లోపమున్నదని విద్యార్థికి చెప్పవలసింది ఎవరు? గుమాస్తా, క్లాస్ టీచర్ ఇద్దరూ రెండవవారు చెబుతారని అనుకొంటూ ఉండవచ్చు. ఎవరిదీ కాని అడుగు అక్కడ ఉన్నదన్నమాట. ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేరైనా ఆ గడిని తానుగా నింపలేదు.

రెండవ విషయం కాలానికి సంబంధించినది. ఒక దరఖాస్తును సరిచూడటానికి 10 నిమిషాలు పడుతుందని, సరిచూసేవారి వంతు వచ్చేవరకు అది 9 రోజులు వేచి ఉంటుందని అనుకొందాము. సాధనం సహాయంతో ఆ 10 నిమిషాలను 2 నిమిషాలకు తగ్గించినా విద్యార్థికి మిగిలింది 8 నిమిషాలే, 9 రోజులు అలాగే ఉన్నాయి. కనుక ముందు వెదకవలసింది పని చేసే కాలం కాదు, పని ఆగి ఉండే కాలం. ఆ ఆగుదల పోవటానికి కొన్నిసార్లు సాఫ్ట్‌వేర్ అవసరమే ఉండదు. వారానికి ఒకసారి బదులు రోజూ సంతకాలు చేయించుకొన్నా సరిపోవచ్చు.

యంత్రానికి ఏది, మనిషికి ఏది

నడక తెలిసిన తరువాత ఏ అడుగును యంత్రానికి అప్పగించాలో నిర్ణయించాలి. మాటిమాటికి వచ్చేది, నియమం మారనిది, పొరపాటు జరిగితే సులభంగా వెనుకకు తీసుకొనగలిగినది యంత్రానికి తగిన పని. గడువుకు వారం ముందు గుర్తు చేయుట, ఒక పట్టికలోని వివరాలను మరొక పట్టికకు చేర్చుట, ఇంకా రావలసిన పత్రాల జాబితా తయారు చేయుట ఇటువంటివి. తండ్రి మరణించిన విద్యార్థికి ఆదాయ ధ్రువపత్రం ఆలస్యమైతే ఏమి చేయాలన్నది మాత్రం మనిషి నిర్ణయించవలసిన విషయం.

యంత్రానికి అప్పగించిన పనిని లెక్క చూడకుండా వదిలితే ఏమి జరుగుతుందో 2020లో ఇంగ్లండు అనుభవం తెలియజేస్తుంది. అక్కడ కోవిడ్ పరీక్షా ఫలితాలు ఒక పట్టిక నుండి మరొక పట్టికకు యాంత్రికంగా చేరేవి. మధ్యలో వాడిన ఎక్సెల్ ఫైలు పాత రకానిది. ఆ రకపు పట్టికలో 65,536 వరుసలకు మించి పట్టవు. అంతకు మించి వచ్చిన వరుసలు రాలిపోయాయి. సెప్టెంబరు 25 నుండి అక్టోబరు 2 వరకు 15,841 కేసులు రోజువారీ లెక్కలో చేరలేదు. వ్యాధి సోకినవారికి తమ ఫలితం తెలిసింది కాని, వారితో మెలగినవారిని వెదికి హెచ్చరించే పని ఆలస్యమైంది. అదే ఎక్సెల్ కొత్త రకపు ఫైలులో 10,48,576 వరుసలు పడతాయి. సాధనం ఉన్నది, దానిని నడిపినవారూ ఉన్నారు. లోపించింది ఒక్కటే: లోనికి వచ్చినవి ఎన్ని, బయటికి వెళ్ళినవి ఎన్ని అని సరిచూసే అడుగు. మన కార్యాలయంలో పట్టిక ఎంత చిన్నదైనా ఈ అడుగు తప్పనిసరి.

పట్టికలు వాడేవారు తెలుసుకోవలసిన మరి రెండు విషయాలున్నాయి. సున్నాతో మొదలయ్యే సంఖ్యను మామూలు గడిలో వ్రాస్తే ఎక్సెల్ ఆ సున్నాను తీసివేస్తుంది. 15 అంకెలకు మించిన సంఖ్యను వ్రాస్తే పదహారవ అంకె నుండి అన్నిటినీ సున్నాలుగా మార్చివేస్తుంది. పొడవైన బ్యాంకు ఖాతా సంఖ్య ఈ విధంగా చెడితే డబ్బు చేరవలసిన చోటికి చేరదు. హాల్ టికెట్, ఖాతా సంఖ్యలు వ్రాసే వరుసను ముందుగానే ‘టెక్స్ట్’గా నిర్ణయించుకొంటే ఈ బాధ ఉండదు.

పేర్లు, లిపులు

మన కళాశాల విషయంలో మరొక చిక్కు కలదు. ఇక్కడ ఒక్కొక్క పేరు మూడు లిపులలో జీవిస్తున్నది. ఉర్దూలో ‘మహమ్మద్’ అనే పేరుకు ఒకటే రాత. రోమన్ లిపిలోకి వచ్చేసరికి అది పదవ తరగతి మెమోలో రెండక్షరాల సంక్షిప్త రూపంలోను, ఆధార్‌లో నాలుగక్షరాలతోను, బ్యాంకు పుస్తకంలో పూర్తిగాను ఉండవచ్చు. ‘షేక్’ అనే పేరుకూ ఇదే గతి. ‘బేగం’ ఒకచోట ఉండి మరొకచోట లేకపోవచ్చు. ఇంటిపేరు ముందు వ్రాయాలా, వెనుక వ్రాయాలా అన్నది తెలుగు కుటుంబాలన్నిటికీ ఉన్న సమస్యే. మనిషి చూస్తే ఇవన్నీ ఒకరి పేరేనని గ్రహిస్తాడు. యంత్రం చూసేది అక్షరాలను, మనిషిని కాదు. కాబట్టి పేరును ఆధారం చేసుకొని రెండు జాబితాలను కలిపే ఏర్పాటు మనకు పనికిరాదు. ప్రవేశ సంఖ్యనే ఆధారంగా పెట్టుకోవాలి. పేర్లలోని తేడాలను కళాశాలలో చేరిన నెలలోనే గుర్తించి, సరిదిద్దుకొమ్మని విద్యార్థికి చెప్పే అడుగు మన పని నడకలో ఉండాలి. గడువు చివరి వారంలో తెలిసిన తేడా తెలియనిదానితో సమానమే.

లిపి విషయంలోను జాగ్రత్త కావాలి. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి రూపంలోనే తెలుగు లిపికి, అరబిక్ లిపికి స్థానం లభించింది. యూనికోడ్‌లో వ్రాసిన మాటను ఏ యంత్రంలోనైనా చదవవచ్చు, వెదకవచ్చు. డి.టి.పి. కేంద్రాలలో ఏళ్ళ తరబడి వాడిన పాత అనూ ఫాంట్లకు, పాత ఇన్‌పేజ్ ఫైళ్ళకు ఈ గుణం లేదు. మరొక యంత్రంలో తెరిస్తే అర్థంకాని గుర్తులు కనబడతాయి. ఉర్దూ కుడి నుండి ఎడమకు సాగుతుంది. పైగా నస్తాలీఖ్ రాత ఏటవాలుగా క్రిందికి దిగుతుంది కనుక వరుసకు ఎక్కువ ఎత్తు కావాలి. ఎన్నుకొనే సాధనంలో ఒక తెలుగు వాక్యం, ఒక ఉర్దూ వాక్యం వ్రాసి, దాచి, తిరిగి వెదికి చూడటం ఐదు నిమిషాల పరీక్ష. ఆ ఐదు నిమిషాలు వెచ్చించిన తరువాతనే ధర అడగటం మంచిది.

ఎంపికకు ఐదు ప్రశ్నలు

ఇక సాధనాన్ని ఎన్నుకొనేటప్పుడు వేసుకోవలసిన ప్రశ్నలను క్రోడీకరిద్దాము.

మొదటిది: బృందంలో చివరి వ్యక్తి దీనిని వాడగలరా? ప్రిన్సిపాల్ గారి కంప్యూటర్‌లో అందంగా కనిపించి గుమాస్తా చేతి ఫోనులో తెరుచుకోని సాధనం బృందానికి పనికిరాదు. ఎవరి పని మారుతున్నదో వారిని ఎంపికలోనే కూర్చోబెట్టాలి.

రెండవది: మన వివరాలను తిరిగి బయటికి తీసుకొనగలమా? వండర్‌లిస్ట్ అనే పనుల జాబితా సాధనాన్ని 2015లో మైక్రోసాఫ్ట్ కొన్నది, 2020 మే నెలలో మూసివేసింది. సంస్థలు మారుతాయి, సాధనాలు మూతపడతాయి. మామూలు పట్టిక రూపంలో మన వివరాలన్నీ దించుకొనే వీలు లేనిచోట అడుగు పెట్టరాదు.

మూడవది: ఖాతా ఎవరి పేరిట ఉన్నది? ఒక అధ్యాపకుని సొంత ఈమెయిల్‌తో తెరిచిన ఖాతా ఆయన బదిలీతో లేదా పదవీ విరమణతో వెళ్ళిపోతుంది. అది కళాశాల పేరిటనే ఉండాలి, తాళం కనీసం ఇద్దరి వద్ద ఉండాలి.

నాల్గవది: ఎవరు ఏమి చూడగలరు? ఆధార్, ఆదాయ ధ్రువపత్రం, ఆడపిల్లల ఫోను నంబర్లు అందరూ చూసే పట్టికలో ఉండరాదు. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఈ బాధ్యతను చట్టపరిధిలోకి తెచ్చింది. చట్టం లేకపోయినా ఇది మన వద్ద ఉంచిన అమానతు.

ఐదవది: మొత్తం ఖర్చు ఎంత? అనేక సాధనాలకు ధర మనిషికి, నెలకు ఇంత అని ఉంటుంది. మనిషికి నెలకు 300 రూపాయలనుకొంటే 12 మందికి సంవత్సరానికి 43,200 రూపాయలు. అంత సొమ్ముతో తీరే కష్టం ఏదో కాగితం మీద చూపగలగాలి. ఉచితంగా లభించే లిబ్రే ఆఫీస్ పట్టికతోనే పని జరిగితే అంతకు మించి వెళ్ళనవసరం లేదు.

ఈ ఐదింటికి సరియైన సమాధానాలు వచ్చిన సాధనాన్ని కూడా ఒకేసారి అన్ని పనులకు వాడరాదు. ఒక పని, ఒక చిన్న బృందం, ఒక నెల అని నియమం పెట్టుకోవాలి. ఆ నెల పాత రిజిస్టరును కూడా నడపాలి. నెల చివర రెండింటి లెక్క సరిపోయి, ఆగి ఉండే రోజులు తగ్గితేనే ఆ సాధనాన్ని స్వీకరించాలి.

కమిటీ పెద్దలకు మా మనవి ఒక్కటే. రానున్న సంవత్సరం ప్రవేశాలు మొదలు కాకముందే, సాఫ్ట్‌వేర్ కొనుగోలు ప్రస్తావనకు ముందే, స్కాలర్‌షిప్ పని నడకను ఒక పెద్ద కాగితం మీద వ్రాయించి కార్యాలయపు గోడకు తగిలించండి. ఆ పనికి కామర్స్, కంప్యూటర్ విద్యార్థులను నియోగించండి. వారికి అది ప్రాక్టికల్ పాఠమవుతుంది, కార్యాలయానికి సహాయమవుతుంది. విద్యార్థి మిత్రులారా, రేపు మీరు ఏ కార్యాలయంలో చేరినా అక్కడి సాధనం పేరు మారి ఉంటుంది. అడుగులు లెక్కించటం, ఖాళీ గడిని కనిపెట్టటం, వచ్చినవీ వెళ్ళినవీ సరిచూడటం అనే ఈ మూడు అలవాట్లు మాత్రం ఎక్కడైనా అక్కరకు వస్తాయి. ఆ కాగితం మీద ఏ అడుగు ఎదుటా పేరు లేని గడి మిగలకుండా చూడండి.