సీఎస్‌వీ మాడ్యూల్: కామా దగ్గర విడగొడితే సరిపోదా?

నేపథ్యం

పట్టికను సాదా టెక్స్ట్‌గా దాచే పద్ధతి సీఎస్‌వీ: వరుసకో రికార్డు, విలువల మధ్య కామా. దీన్ని చదవడానికి, రాయడానికి పైథాన్‌లో ఉన్న చిన్న లైబ్రరీ సీఎస్‌వీ మాడ్యూల్. 2003లో పైథాన్ 2.3తో వచ్చింది. ఫార్మాట్‌ను వివరించే ఆర్‌ఎఫ్‌సీ 4180 వెలువడింది 2005లో. మాడ్యూల్ వచ్చేనాటికి స్థిరమైన ప్రమాణమే లేదు. ఏమీ చెప్పకపోతే మాడ్యూల్ ఎక్సెల్ పద్ధతినే పాటిస్తుంది. సీబీఎస్‌ఈ 12వ తరగతి కంప్యూటర్ సైన్స్ సిలబస్‌లో ఉన్న అంశమిది.

స్ప్లిట్ ఎందుకు చాలదు?

చిరునామా ‘4-12, గాంధీనగర్’ అనుకుందాం. కామా దగ్గర విడగొట్టే స్ప్లిట్ దాన్ని రెండు ముక్కలు చేస్తుంది, తర్వాతి గడులన్నీ పక్కకు జరుగుతాయి. మాడ్యూల్‌లో ఫైల్ రాసే రైటర్ అలాంటి విలువను డబుల్ కోట్స్ మధ్య పెడుతుంది. విలువలోనే డబుల్ కోట్ ఉంటే దాన్ని రెండుసార్లు రాస్తుంది. చదివే రీడర్ మళ్లీ అసలు విలువనే ఇస్తుంది. మాడ్యూల్ అసలు పని ఇదే.

రాసేటప్పుడు

‘రైట్‌రో’ ఒక వరుసను, ‘రైట్‌రోస్’ అనేక వరుసలను రాస్తాయి. ‘రైట్‌రో’కు లిస్ట్ బదులు నేరుగా స్ట్రింగ్ ఇస్తే ఒక్కో క్యారెక్టర్ ఒక్కో గడిలో పడుతుంది. ‘రాము’ అని ఇస్తే నాలుగు గడులు! దీర్ఘం, కొమ్ము కూడా విడివిడి క్యారెక్టర్లే మరి.

విండోస్‌లో వరుసల మధ్య ఖాళీ వరుసలు ఎందుకొస్తాయి? రైటర్ ప్రతి వరుస చివర క్యారేజ్ రిటర్న్, లైన్ ఫీడ్ రెండూ పెడుతుంది. ఆ లైన్ ఫీడ్‌కు ముందు విండోస్ టెక్స్ట్ మోడ్ మరో క్యారేజ్ రిటర్న్ చేరుస్తుంది. అందుకే ఫైల్ తెరిచేటప్పుడు ‘న్యూలైన్’కు ఖాళీ స్ట్రింగ్ ఇవ్వాలి. పరీక్షలో కారణం రాయకుండా ఆర్గ్యుమెంట్ పేరు మాత్రమే రాస్తే అది సగం జవాబే.

తెలుగు డేటా ఎక్సెల్‌లో గజిబిజిగా కనిపిస్తే ఎన్‌కోడింగ్‌ను ‘యూటీఎఫ్-8-సిగ్’గా ఇచ్చి చూడండి. ఫైల్ మొదట్లో అది చేర్చే మూడు బైట్ల గుర్తుతో ఎక్సెల్ యూటీఎఫ్-8ను పసిగడుతుంది.

చదివేటప్పుడు

మామూలుగా రీడర్ అన్నిటినీ స్ట్రింగ్‌లుగానే ఇస్తుంది. రోల్ నంబరు ‘007’లో సున్నాలు పోవు, అది మేలే. మార్కులతోనే చిక్కు: 45, 40 కలిపితే ‘4540’ వస్తుంది, గరిష్ఠం అడిగితే 85ను కాదని 9 గెలుస్తుంది. ‘ఇంట్’తో మార్చాకే లెక్క.

రీడర్ ఇటరేటర్. దానిపై ‘లెన్’ పనిచేయదు. ఒక లూప్‌లో చదివేశాక రెండో లూప్‌కు ఏమీ మిగలదు. శీర్షిక వరుసను దాటేయడానికి ‘నెక్స్ట్’ వాడతారు. ‘డిక్ట్‌రీడర్’ అయితే ఆ వరుసనే కీలుగా తీసుకుంటుంది.