ఎండ ఎవరికెంత? చలి ఎవరికెంత?

మన హాస్టళ్లలో ప్రతి ఏడూ తప్పకుండా వచ్చే తగాదా ఫ్యాన్ తగాదా. జనవరిలో ఒకడు ఫ్యాన్ వెయ్యాలంటాడు, పక్క మంచం వాడు ఆపమంటాడు. మార్చి వచ్చిందంటే ఫ్యాన్ కింద జాగా కోసం ట్రంకు పెట్టెలు ముందే వచ్చి కూర్చుంటాయి. ఎవరికి ఎండాకాలం ఇష్టం, ఎవరికి చలికాలం ఇష్టం అని అడిగితే హాలు రెండుగా చీలిపోతుంది. ఇది ఎవరిష్టం వాళ్లది, దీనికి శాస్త్రం దేనికి అనిపించవచ్చు. కానీ ఇష్టం అనే ఆ చిన్నమాట వెనక శరీరధర్మం, అలవాటు, గది కప్పు, చేసే పని, చేతిలో డబ్బు అన్నీ ఉన్నాయి. వాటిని కొంచెం విడదీసి చూద్దాం.

మన ఒళ్లు ఒక పొయ్యి లాంటిది. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లో కూడా సుమారు 100 వాట్ల వేడి పుడుతూనే ఉంటుంది. అంటే పాతకాలపు 100 వాట్ల బల్బు ఒకటి వెలుగుతున్నట్టే. నలభై మంది కూర్చున్న హాలులో నలభై బల్బులు! చలికాలంలో తలుపులు మూసిన హాలు వెచ్చగా ఉండటానికీ, ఎండాకాలంలో అదే హాలు ఉడికిపోవడానికీ ఇదొక కారణం. ఒంటి లోపలి ఉష్ణోగ్రత 37 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర నిలవాలంటే పుట్టిన వేడి పుట్టినట్టు బయటికి పోవాలి. చర్మం సుమారు 33, 34 డిగ్రీల్లో ఉంటుంది కాబట్టి గాలి 25 డిగ్రీలున్నప్పుడు వేడి సులభంగా పోతుంది. గాలి 40కి చేరితే వ్యవహారం తిరగబడుతుంది, గాలే మనకు వేడి ఇస్తుంది. అప్పుడు మిగిలే దారి చెమట ఒక్కటే. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలో కేలరీల వేడిని పట్టుకుపోతుంది. ఆవిరి కాకుండా కారిపోయిన చెమట వల్ల లాభం లేదు.

అందుకే కరీంనగర్‌లో 42 డిగ్రీలను ఎలాగో తట్టుకున్నవాడు మచిలీపట్నంలో 37 డిగ్రీలకే ఉక్కపోతతో అల్లాడిపోతాడు. సముద్రం పక్క గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు. పొడిగాలి ఉన్నచోట కూలర్ చల్లగా వీస్తుంది, మట్టికుండలో నీళ్లు చల్లబడతాయి. కోస్తాలో ఆ రెండూ అంతగా పనిచెయ్యవు. అన్నింటికీ సూత్రం ఒకటే.

ఇక మన చర్మం థర్మామీటరు కాదు. చలికాలం పొద్దున్నే ఇనుప మంచం పట్టీమీద ఒక చెయ్యి, చెక్కబల్ల మీద ఒక చెయ్యి పెట్టండి. ఇనుము ఎక్కువ చల్లగా తగులుతుంది. నిజానికి రాత్రంతా ఒకే గదిలో ఉన్న ఆ రెండింటి ఉష్ణోగ్రతా ఒకటే. ఇనుము మన వేడిని త్వరగా లాగేస్తుంది, అంతే. చలికి పైన రెండు దుప్పట్లు కప్పుకుని కింద ఏమీ పరచుకోనివాడు వణకడానికీ ఇదే కారణం. మన అమ్మమ్మలు పాతచీరలు దొంతరగా వేసి కుట్టిన బొంత ఎందుకు వెచ్చగా ఉంటుంది? ఆ పొరల మధ్య గాలి నిలిచిపోతుంది, నిలిచిన గాలి వేడిని పోనివ్వదు. ఖరీదైన రగ్గు చేసే పనీ అదే.

ఇంకో ప్రయోగం జాన్ లాక్ అనే ఇంగ్లండు తత్త్వవేత్త 17వ శతాబ్దంలోనే చర్చించినది. వేడినీళ్లలో ఒక చెయ్యి, చన్నీళ్లలో ఒక చెయ్యి కాసేపు ఉంచి, రెండూ తీసి ఒకేసారి గోరువెచ్చటి నీళ్లలో పెట్టాలి. ఆ నీళ్లే ఒక చేతికి చల్లగా, ఇంకో చేతికి వేడిగా తెలుస్తాయి. మన తగాదా కూడా ఇలాంటిదే. లంబసింగి వైపు నుంచి వచ్చినవాడికీ రెంటచింతల నుంచి వచ్చినవాడికీ హాల్లోని గాలి ఒకటే, వాళ్లు దాటివచ్చిన గాలి వేరు. లంబసింగి సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సగటున ఆరు డిగ్రీలకు పైగా తగ్గుతుంది.

అలవాటు అనేది మనసుకే కాదు, ఒంటికీ ఉంటుంది. ఎండలో రోజూ కొంతసేపు పనిచేస్తే ఒకటి రెండు వారాల్లో శరీరం మారుతుంది. చెమట త్వరగా మొదలవుతుంది, ఎక్కువగా పడుతుంది, దానిలో ఉప్పు తగ్గుతుంది. ఎండకు దూరంగా కొన్ని వారాలుంటే ఆ శక్తి మళ్లీ పోతుంది. కాబట్టి ఏడాదంతా హాస్టల్లో చదువుకుని సెలవుల్లో ఇంటికెళ్లిన మర్నాడే కూలిపనికి దిగే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. అమ్మానాన్నలు తట్టుకుంటున్నారు కదా అని మొదటిరోజే వాళ్లతో సమానంగా చెయ్యకూడదు. వాళ్ల ఒళ్లు ముందే అలవాటుపడి ఉంటుంది, మనది కాదు.

"హాయిగా ఉండే ఉష్ణోగ్రత" ఎంత అని ఎవరు నిర్ణయించారు? డెన్మార్క్ శాస్త్రవేత్త ఫాంగర్ 1970లో ఒక సూత్రం ప్రకటించాడు. గాలి వేడి, చుట్టూ గోడల వేడి, గాలి వేగం, తేమ, బట్టలు, చేసే పని అనే ఆరు అంశాలతో లెక్క కట్టాడు. లెక్క మంచిదే. కానీ దానికి ఆధారమైన ప్రయోగాలు ఎక్కువగా డెన్మార్క్, అమెరికా కాలేజీ విద్యార్థులను యంత్రాలతో అదుపుచేసిన గదుల్లో కూర్చోబెట్టి చేసినవి. ఆఫీసు గదుల లెక్కల్లో మగవాడి ఒంటివేడినే ప్రమాణంగా తీసుకున్నారని, ఆడవాళ్ల ఒంట్లో పుట్టే వేడి తక్కువ కాబట్టి ఆ గదులు వాళ్లకు చలిగా ఉంటాయని 2015లో నెదర్లాండ్స్ పరిశోధకులు చూపించారు. మన దగ్గర మాధవి ఇంద్రగంటి 2008 వేసవిలో హైదరాబాదు అపార్టుమెంట్లలో మనుషులను అడిగి, వాళ్ల గదులు కొలిచి చూశారు. మన ప్రమాణాలు 23 నుంచి 26 డిగ్రీలని చెబుతుంటే, అక్కడివాళ్లు 26 నుంచి 32 డిగ్రీల దాకా హాయిగానే ఉన్నామన్నారు. ఫ్యాను, నూలుబట్టలు, కిటికీ తమ చేతిలో ఉంటే మనిషి చాలా సర్దుకుంటాడని దీనివల్ల తెలుస్తుంది.

అయితే సర్దుకోవడానికీ హద్దుంది. అమెరికాలో కోటి మంది విద్యార్థుల పరీక్ష మార్కులను పరిశీలించి 2020లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం, ఏసీ లేని బడుల్లో ఆ ఏడాది ఒక డిగ్రీ ఫారన్‌హీట్ వేడి ఎక్కువైతే చదువులో ఒక శాతం తగ్గుదల కనిపించింది. నల్లజాతి, హిస్పానిక్ పిల్లలకు ఆ నష్టం ఎక్కువ. ఆ లెక్కను యథాతథంగా మనకు అతికించకూడదు. కానీ మన పదో తరగతి పరీక్షలు కూడా ఎండలు ముదిరే రోజుల్లోనే జరుగుతాయి. పైఅంతస్తు హాలులో రాత్రి పదింటికి కూడా స్లాబు సెగ కొడుతుంది. పగలంతా తాగిన ఎండను కాంక్రీటు రాత్రి వదులుతుంది. కప్పుమీద తెల్లటి సున్నమో, చల్లదనం ఇచ్చే తెల్లరంగో వేస్తే ఎండ చాలావరకు వెనక్కి పోతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసమే కూల్ రూఫ్ విధానం తెచ్చింది. కాబట్టి హాస్టల్ కప్పుకు సున్నం అడగడం గొంతెమ్మ కోరిక కాదు. అడగవచ్చు.

మా ఇంట్లో అడిగి చూశాను. అమ్మ చలికాలమే మంచిదంది, పత్తి తీసేటప్పుడు ఎండ నెత్తిమీద ఉండదట. తాత ఎండాకాలమే నయమన్నాడు, తెల్లవారుజామున గొర్రెల దగ్గర చలికి మోకాళ్లు పట్టేస్తాయట. ఇద్దరూ చెప్పింది వాతావరణం గురించి కాదు, పని గురించి. చలికాలం అంటే ఇష్టం అని చెప్పేవాళ్లలో మంచి దుప్పటి ఉన్నవాళ్లే ఎక్కువని నా అనుమానం.

ఇక్కడ ఒక విషయం. పేపర్లో వేసే 43, 44 డిగ్రీలు నీడలో, గాలి ఆడే తెల్లటి చెక్కపెట్టెలో కొలిచినవి. కంకర రోడ్డుమీద, చెరువు పూడిక పనిలో ఉన్న మనిషికి తగిలే వేడి అంతకంటే ఎక్కువ. 2003లోనూ 2015లోనూ మే నెల వడగాడ్పులకు మన ప్రాంతంలో వెయ్యిమందికి పైగా చనిపోయారు. బయట పనిచేసేవాళ్లకూ ముసలివాళ్లకూ ఎప్పుడూ ప్రమాదం ఎక్కువే. మనిషి మాట తడబడినా, స్పృహ తప్పినా దాన్ని వడదెబ్బగానే భావించాలి. వెంటనే నీడకు చేర్చి, ఒంటిమీద నీళ్లుపోసి విసురుతూ 108కి ఫోన్ చెయ్యాలి. స్పృహ లేనివాళ్లకు నోట్లో నీళ్లు పొయ్యకూడదు.

చివరగా ఒక పని. గోడకు తగిలించే మామూలు థర్మామీటరు ఒకటి కొని హాల్లో, ఎండ తగలనిచోట పెట్టండి. వారానికి ఒకరోజు రాత్రి తొమ్మిదింటికి డిగ్రీలు రాసుకుని, అందరిచేతా ఒక అంకె వేయించండి: చాలా చలి అయితే మైనస్ 3, చలి మైనస్ 2, కొంచెం చలి మైనస్ 1, హాయిగా ఉంటే సున్నా, కొంచెం వేడి 1, వేడి 2, చాలా వేడి 3. పరిశోధకులు వాడే కొలబద్ద ఇదే. అంకె పక్కన ఆ విద్యార్థి మంచం ఎక్కడుందో, పైఅంతస్తో కిందిదో, కప్పుకోవడానికి ఏముందో కూడా రాయండి. జూన్ నుంచి మార్చి దాకా రాసిన ఆ నోటుబుక్కును వార్డెన్‌గారికి చూపించండి, ఒక నకలు వచ్చే సంచికకు పంపండి.