అత్తమ్మ అక్షరాలు

అది నిజామాబాద్ జిల్లాలో ఒక పల్లె. ఆ పల్లెలో ఒక అత్త, కోడలు ఉన్నారు. కోడలు బీడీలు చుడుతుంది. అత్త అరవై ఏళ్ల వయసులో రాత్రి బడికి పోయింది. వేలిముద్ర మానేసి సంతకం పెట్టింది. ఆ రోజు ఆమె సంబరం అంతా ఇంతా కాదు.

మూడేళ్లు గడిచాయి. అత్త రాత మారింది. వరుస మొదట్లో అక్షరం పెద్దగా ఉంటుంది. చివరికి వచ్చేసరికి చీమ తలంత అవుతుంది.

"నేర్చిన చదువు మరిచిపోతున్నవా అత్తమ్మా?" అని కోడలు నవ్వింది.

అత్త చిన్నబుచ్చుకుంది. పలకను మూలన పెట్టింది.

ఇంకా కొన్ని మార్పులు వచ్చాయి. చేయి ఒళ్లో ఉంటే వణుకుతుంది. చెంబు అందుకుంటే వణుకు తగ్గుతుంది. అడుగు చిన్నదైంది. మాట సన్నబడింది. "ముసలితనం" అన్నారు కొందరు. "గాలి సోకింది" అన్నారు ఇంకొందరు.

ఆశా కార్యకర్త ఇంటికి వచ్చింది. పలక చూసింది, చేయి చూసింది. "ఆలస్యం చెయ్యకు. పెద్దాసుపత్రికి తీసుకుపో" అని కోడలికి చెప్పింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అత్తను నడవమన్నది. రాయమన్నది. తర్వాత ఇలా చెప్పింది.

"ఇది పార్కిన్సన్ జబ్బు. మన మెదడులో డోపమిన్ అనే పదార్థం తయారవుతుంది. దాని వల్లే కాళ్లు, చేతులు సాఫీగా కదులుతాయి. దాన్ని తయారు చేసే కణాలు నశిస్తే వణుకు వస్తుంది. ఒళ్లు బిగుసుకుపోతుంది. కదలిక నెమ్మదిస్తుంది. రాత చిన్నదవుతుంది. 1817లో జేమ్స్ పార్కిన్సన్ అనే లండన్ డాక్టరు దీని గురించి రాశాడు. అందుకే ఆ పేరు. ఇది అంటుజబ్బు కాదు. పూర్తిగా నయం కాదు. కానీ మందులతో అదుపులో ఉంటుంది. చెప్పకుండా మందులు మానొద్దు."

కోడలి గుండె జారింది. "మరి నాకు రాకుండ ఏం చెయ్యాలె డాక్టరమ్మా?" అని అడిగింది.

"ఫ్రాన్స్ దేశంలో 95 వేల మందికి పైగా ఆడవాళ్లను ఏళ్ల తరబడి గమనించారు. వాళ్లలో ఎక్కువ మంది టీచర్లే. నడక, మెట్లెక్కడం, ఇంటిపని, తోటపని, ఆటలు అన్నీ లెక్క వేశారు. 2023లో ఫలితం చెప్పారు. తక్కువ కదిలేవాళ్లలో నలుగురికి ఈ జబ్బు వస్తే, బాగా కదిలేవాళ్లలో ముగ్గురికే వచ్చింది."

"మా అత్తమ్మ జీవితమంతా నాట్లేసింది, కలుపు తీసింది. ఆమెకెందుకు వచ్చింది?"

"కదలిక చేనుకు వేసిన కంచె లాంటిది. కంచె ఉన్నా ఒక్కోసారి మేక దూరుతుంది. అట్లని కంచె వెయ్యడం మానుతామా?"

"నేనూ పొద్దంతా పనిచేస్తనే ఉంట కదా!"

"బీడీలు చుట్టేటప్పుడు నీ వేళ్లు కదులుతాయి. కాళ్లు కదలవు. గంటకోసారి చాట పక్కన పెట్టి లే. వారానికి ఐదు రోజులన్నా రోజుకు అరగంట చురుగ్గా నడువు. గుండెకూ మంచిది, షుగరుకూ మంచిది. మీ అత్తనూ నడిపించు. జబ్బు వచ్చినవాళ్లకు కూడా కదలికే బలం. పెద్ద అడుగు వెయ్యాలి. చేతులు ఊపాలి. పడిపోకుండా పక్కన మనిషి ఉండాలి."

ఇప్పుడు తెల్లవారగానే ఇద్దరూ చెరువుకట్ట మీద నడుస్తారు. "పెద్ద అడుగు అత్తమ్మా" అంటుంది కోడలు. సాయంత్రం మూలనున్న పలక తెచ్చి ఇస్తుంది. "ఆ రోజు నవ్వినందుకు ఏమనుకోకు" అన్నది ఒకసారి.

అత్త పలక మీద తన పేరు రాసింది. అక్షరాలు మళ్లీ చిన్నవి కాబోయాయి.

"పెద్దగ రాయి అత్తమ్మా!"

అత్త ఆగింది. ఊపిరి పీల్చుకుంది. చివరి అక్షరం పెద్దగా దిద్దింది.

చర్చించండి
1. అత్తకు జబ్బు ఉందని ఏ గుర్తుల వల్ల తెలిసింది?
2. డాక్టరమ్మ కదలికను కంచెతో ఎందుకు పోల్చింది?
3. మీ పనిలో ఎంతసేపు కూర్చుంటారు? ఎంతసేపు నడుస్తారు? లెక్క వేసి రాయండి.