చిట్టి కబురు, అసలు పుస్తకం

నాటకం గోడపత్రికలో పేరు, వేళ, చోటు మాత్రమే ఉంటాయి. నాటకం చూడాలంటే పందిరికి వెళ్ళవలసిందే. ఇంటర్నెట్‌లోనూ అంతే. చిన్న కబుర్లు వేసే వేదికలను మైక్రోబ్లాగులు అంటారు. అవి గోడపత్రికలు. మన సొంత వెబ్‌సైటు పందిరి.

2006లో మొదలైన ట్విట్టర్‌కు 2023 నుంచి ఎక్స్ అని పేరు. అందులో మొదట ఒక కబురుకు 140 అక్షరాలే. ఎందుకని? ఒక ఎస్సెమ్మెస్‌లో 1120 బిట్లు పడతాయి. ఇంగ్లీషు అక్షరానికి 7 బిట్లు. భాగిస్తే 160. పంపినవారి పేరుకు 20 తీసేస్తే మిగిలేవి 140. తెలుగులో ఒక్కో గుర్తుకు 16 బిట్లు కావాలి. కనుక తెలుగు ఎస్సెమ్మెస్‌లో 70 గుర్తులే పడతాయి. 'కా' అంటేనే రెండు గుర్తులు: క, దీర్ఘం!

ఇంత ఇరుకులో ఏం చెప్పగలం? 2008 మే 25న ఫీనిక్స్ నౌక అంగారకునిపై దిగింది. అక్కడ మంచు దొరికిందన్న సంగతిని జూన్ 19న నాసా ట్విట్టర్‌లో క్లుప్తంగా చెప్పింది. ఫొటోలు, వివరాలు తన వెబ్‌సైటులో ఉంచింది.

మరి అన్నీ చిన్న వేదికపైనే దాచుకుంటే? పోస్టరస్ అనే వేదిక 2013 ఏప్రిల్ 30న మూతపడింది. ఆ తరువాత అక్కడి పేజీలు తెరుచుకోలేదు. నకలు తీసుకున్నవారికి తమ రాతలు చేతిలో మిగిలాయి.

మీ బడిలో వర్షమాపకం ఉందా? "నేడు 12 మిల్లీమీటర్లు" అని మాస్టారి చేత చిన్న కబురు వేయించండి. ఏడాది పట్టికను బడి వెబ్‌సైటులో ఉంచండి. ఒక నకలు నోటుబుక్కులోనూ రాయండి. కబురు చెరిగినా కొలత చెరగకూడదు.